కంటి కదలికల సిగ్నల్‌కి ఈసీజీ బోర్డు ఎందుకు పనికిరాదు, గెయిన్, ఫిల్టర్ ఎంతెంత పెట్టాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఫైనలియర్ ప్రాజెక్టులో కంటిచూపుతో వీల్‌చెయిర్‌ని కుడికీ ఎడమకీ తిప్పాలి. ఏడీ8232 ఈసీజీ బోర్డు పెడితే చూపు తిప్పగానే గ్రాఫ్ లేస్తోంది కానీ, అటే చూస్తూ ఉన్నా అర సెకను లోపే పడిపోతోంది, పైగా కాసేపు రెండో వైపుకి కూడా పోతోంది. అది పక్కన పెట్టి ఏడీ620 (చిన్న సిగ్నల్‌ని పెంచే ఆంప్లిఫయర్ చిప్) తెచ్చి గెయిన్ (ఎన్ని రెట్లు పెంచాలన్న సంఖ్య) 1000 పెడితే అవుట్‌పుట్ బ్యాటరీ వోల్టేజీకి అతుక్కుపోయి కదలడం లేదు. రెండింట్లోనూ 50 హెర్ట్జ్ హమ్ము (ఇంటి కరెంటు నుంచి దూరే గోల) దట్టంగా ఉంది, దానికి నాచ్ ఫిల్టర్ పెట్టాలా అనీ అడిగారు.

సూటిగా చెప్పాలంటే: మొదటి స్టేజీలో గెయిన్ 10 దగ్గర ఆపండి. దాని తర్వాత 0.05 హెర్ట్జ్ హై-పాస్ (అంతకంటే నెమ్మదైన మార్పుల్ని ఆపే ఫిల్టర్), ఆ తర్వాత దాదాపు 180 రెట్ల రెండో స్టేజీ, చివర 30 హెర్ట్జ్ చుట్టూ లో-పాస్ (అంతకంటే వేగమైనవాటిని తగ్గించే ఫిల్టర్) పెట్టండి. 50 హెర్ట్జ్‌ని ఫిల్టర్‌తో చంపాలని చూడకండి, అది శరీరం దగ్గరే తగ్గాలి. మీ రెండు బోర్డులూ చెడిపోలేదు. ఈ సిగ్నల్ దాదాపు డీసీ అన్న సంగతి వాటి అమరికలో లేదు, అంతే.

కంటి ముందు భాగం కార్నియా వెనకనున్న రెటీనా కంటే పాజిటివ్‌గా ఉంటుంది. ఈ తేడా ఎప్పుడూ ఉండేదే. కన్ను కుడికి తిరిగితే కుడి కణత వైపు ఎలక్ట్రోడ్ పాజిటివ్ అవుతుంది, ఎడమది నెగటివ్ అవుతుంది. కన్ను అక్కడే ఆగితే వోల్టేజీ కూడా అక్కడే ఆగుతుంది. చర్మం మీద మనకు దొరికేది డిగ్రీకి సుమారు 5 నుంచి 20 మైక్రోవోల్టులు. లెక్కలకి 15 తీసుకోండి. 20 డిగ్రీలు తిప్పితే 300 మైక్రోవోల్టులు వస్తాయి. అటూ ఇటూ 30 డిగ్రీల వరకు ఇది దాదాపు సరళరేఖలోనే పెరుగుతుంది, అది దాటితే నెమ్మదిస్తుంది.

ఇప్పుడు ఏడీ8232 సంగతి. మార్కెట్లో దొరికే ఆ ఎర్ర బోర్డు గుండె సిగ్నల్ కోసం కట్టింది. అందులో 0.5 హెర్ట్జ్ దగ్గర రెండు పోల్‌ల (రెండు అంచెల) హై-పాస్, 40 హెర్ట్జ్ దగ్గర లో-పాస్, మొత్తం గెయిన్ 1100 ముందే బిగించి ఉంటాయి. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది కాబట్టి 0.5 హెర్ట్జ్ దానికి సరిపోతుంది. ఒక పక్కకి చూసి ఆగిన కన్ను ఇచ్చేది మెట్టు లాంటి సిగ్నల్. ఆ మెట్టుని 0.5 హెర్ట్జ్ ఫిల్టర్ సెకనులో మూడో వంతు తిరిగేసరికి సున్నాకి దించేస్తుంది. రెండు పోల్‌లు కాబట్టి సున్నా దాటి అవతలికి కూడా తీసుకెళుతుంది. మీరు చూసిన 'రెండో వైపుకి పోవడం' అదే. కన్ను కుడివైపే ఉంటే మీ ప్రోగ్రాం 'ఎడమ' అని చదువుకుంటుంది. బోర్డు మీది కెపాసిటర్లు మార్చి 0.05కి దింపవచ్చు కానీ, అంత చిన్న ఎస్ఎండీ భాగాలతో కుస్తీ పట్టే బదులు కొత్తగా కట్టుకోవడమే తేలిక.

ఏడీ620 అతుక్కుపోవడానికి కారణం ఎలక్ట్రోడ్లు. సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఒక్కోటీ తానే చిన్న బ్యాటరీలా 0.2 వోల్టుల పైచిలుకు వోల్టేజీ ఇస్తుంది. రెండూ ఒకే రకమైతే చాలా భాగం రద్దవుతుంది కానీ పూర్తిగా కాదు. జెల్ ఆరడం, చర్మం తేడా, చెమట వల్ల రెండింటి మధ్య 10, 20 మిల్లీవోల్టులు మిగలడం మామూలే. మీ అసలు సిగ్నల్ 0.3 మిల్లీవోల్టులు, మిగిలిపోయిన డీసీ 20. వెయ్యి రెట్లు చేస్తే ఆ డీసీయే 20 వోల్టులు కావాలి, మీ దగ్గరున్నది 9 వోల్టుల బ్యాటరీ. అదే గెయిన్ 10 అయితే 0.2 వోల్టులే, హాయిగా ఇముడుతుంది. పెద్ద గెయిన్ డీసీని కోసేశాకే పెట్టాలి.

సర్క్యూట్ ఇలా కట్టండి. ఒక ఛానల్‌కి సరిపడే విలువలు ఇస్తున్నాను.

మొదటి స్టేజీ. ఏడీ620ని రెండు 9 వోల్టుల బ్యాటరీలతో నడపండి. రెండు బ్యాటరీలూ కలిసే మధ్య బిందువే గ్రౌండ్. దీని గెయిన్ సూత్రం 1 + 49.4 కిలోఓమ్‌లు భాగించు ఆర్‌జీ (గెయిన్‌ని నిర్ణయించే రెసిస్టర్). ఆర్‌జీని ఒక్క రెసిస్టర్‌గా కాకుండా రెండు 2.7 కిలోఓమ్‌లు సిరీస్‌లో పెట్టండి. గెయిన్ 10.15 వస్తుంది, మధ్య బిందువు తర్వాత పనికొస్తుంది. ఎలక్ట్రోడ్ నుంచి వచ్చే ఒక్కో వైరులో 220 కిలోఓమ్‌ల 1 శాతం రెసిస్టర్ తప్పనిసరి. చిప్ లోపల షార్ట్ అయినా 9 వోల్టుల నుంచి మనిషిలోకి 41 మైక్రోఆంప్‌ల కంటే ఎక్కువ పోదు. దీనివల్ల నాయిస్ పెరుగుతుందని భయపడొద్దు. రెండింటికీ కలిపి 30 హెర్ట్జ్ బ్యాండ్‌లో అర మైక్రోవోల్టు కూడా రాదు.

హై-పాస్. 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, 3.3 మెగాఓమ్‌ల రెసిస్టర్. టైమ్ కాన్‌స్టెంట్ (సిగ్నల్ 37 శాతానికి దిగే సమయం) 3.3 సెకన్లు, అంటే 0.048 హెర్ట్జ్. కెపాసిటర్ పాలియెస్టర్ ఫిల్మ్‌దే వాడండి. ఎలక్ట్రోలిటిక్ లీకేజీకి 3.3 మెగాఓమ్‌ల మీద బేస్‌లైన్ ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది. సెరామిక్ అయితే బోర్డుని తట్టినా గ్రాఫ్ ఎగురుతుంది. రెసిస్టర్ కింది కొసని గ్రౌండ్‌కి కాకుండా 2.5 వోల్టుల రిఫరెన్స్‌కి కలపండి. అప్పుడు ఇక్కడి నుంచి అంతా ఆర్డునో 5 వోల్టుల మీదే నడుస్తుంది, మళ్లీ లెవల్ షిఫ్ట్ అక్కర్లేదు, అవుట్‌పుట్ ఎప్పుడూ 0కీ 5కీ మధ్యే ఉంటుంది.

రెండో స్టేజీ. ఎంసీపీ6004 (నాలుగు ఆప్-ఆంప్‌లున్న చిప్)లో ఒక భాగం, నాన్-ఇన్వర్టింగ్, 180 కిలోఓమ్‌లు బై 1 కిలోఓమ్, గెయిన్ 181. ఆ 1 కిలోఓమ్ కూడా 2.5 వోల్టుల రిఫరెన్స్ బఫర్‌కే (ఎలా కట్టాలో కింద ఉంది) పోవాలి. కెపాసిటర్‌కీ చిప్ ఇన్‌పుట్‌కీ మధ్య 10 కిలోఓమ్‌లు పెట్టండి. ఎలక్ట్రోడ్ ఊడినప్పుడు ఏడీ620 ఒక్కసారిగా 9 వోల్టుల దాకా దూకితే చిప్ బతుకుతుంది.

ఇక్కడ చాలామంది చేతిలో ఉంది కదా అని ఎల్ఎమ్358 ఆప్-ఆంప్ పెడతారు. దాని ఇన్‌పుట్ బయాస్ కరెంటు పదుల నానోఆంప్‌లు. 45 నానోఆంప్‌లు 3.3 మెగాఓమ్‌ల గుండా పోతే 150 మిల్లీవోల్టులు, దానికి 181 రెట్లు. అవుట్‌పుట్ చివరికి పోయి కూర్చుంటుంది, మీరు ఏడీ620ని అనుమానిస్తూ రోజంతా గడుపుతారు. ఎంసీపీ6004 బయాస్ పికోఆంప్‌ల లెక్క, ఆ సమస్య లేదు. దాని ఆఫ్‌సెట్ (ఇన్‌పుట్ దగ్గర తనంతట ఉండే చిన్న డీసీ తేడా) మాత్రం 4.5 మిల్లీవోల్టుల దాకా ఉండొచ్చు. 181 రెట్లయితే 0.8 వోల్టులు. అందుకే 2.5 వోల్టుల రిఫరెన్స్‌ని రెండు రెసిస్టర్లతో కాకుండా 10 కిలోఓమ్‌ల ప్రీసెట్‌తో తయారుచేసి, ఇంకో భాగంతో బఫర్ చేయండి. అవుట్‌పుట్ 2.5 దగ్గర నిలిచేదాకా ప్రీసెట్ తిప్పండి.

3.3 మెగాఓమ్‌లకి సమాంతరంగా ఒక పుష్ బటన్, దానికి సిరీస్‌లో 10 కిలోఓమ్‌లు కూడా పెట్టుకోండి. ఎలక్ట్రోడ్ ముట్టుకున్న ప్రతిసారీ గ్రాఫ్ తిరిగి మధ్యకి రావడానికి పది, పదిహేను సెకన్లు ఆగాల్సి వస్తుంది. బటన్ నొక్కితే వెంటనే వస్తుంది.

లో-పాస్. శాలెన్-కీ అనే ఫిల్టర్ సర్క్యూట్, గెయిన్ 1. రెండు 33 కిలోఓమ్‌ల రెసిస్టర్లు, ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్ 220 నానోఫారడ్‌లు, గ్రౌండ్ వైపుది 100 నానోఫారడ్‌లు. 32.5 హెర్ట్జ్ వస్తుంది, క్యూ (కటాఫ్ దగ్గర వంపు ఎంత పదునో చెప్పే సంఖ్య) 0.74, చదునుగా ఉండే బటర్‌వర్త్ ఫిల్టర్‌కి దగ్గర. ఇది 50 హెర్ట్జ్‌ని 40 శాతానికి మాత్రమే తగ్గిస్తుందని గుర్తుంచుకోండి. ఇలాంటివే రెండు వరసగా పెడితే 16 శాతం. చిప్‌లో నాలుగు భాగాలూ ఇలా సరిపోతాయి. కటాఫ్ ఇంకా దింపి 10 హెర్ట్జ్ పెడితే గ్రాఫ్ నున్నగా కనిపిస్తుంది కానీ చూపు దూకే అంచు మొద్దుబారుతుంది. 30 డిగ్రీల దూకుడు 0.1 సెకను లోపే అయిపోతుంది, దాని వేగం కొలవాలంటే 30 హెర్ట్జ్ కావాలి. కుడి, ఎడమ తెలిస్తే చాలనుకుంటే 10 కూడా నడుస్తుంది.

మొత్తం గెయిన్ సుమారు 1840. డిగ్రీకి 27 మిల్లీవోల్టులు, 20 డిగ్రీలకి 0.55 వోల్టు. ఆర్డునో ఊనో 10 బిట్‌ల ఏడీసీలో (వోల్టేజీని సంఖ్యగా మార్చే భాగం) ఒక మెట్టు 4.9 మిల్లీవోల్టులు కాబట్టి డిగ్రీకి ఐదారు మెట్లు వస్తాయి. ఇంతకంటే గెయిన్ పెంచితే రెప్పపాటు శిఖరాలు పైన కోసుకుపోతాయి.

ఇక 50 హెర్ట్జ్. ఇది కాస్త నిదానంగా చదవండి, ఎక్కువ ప్రాజెక్టులు చెడేది ఇక్కడే. ఏడీ620కి గెయిన్ 10 దగ్గర కామన్ మోడ్ తిరస్కరణ (రెండు ఇన్‌పుట్‌ల మీదా ఒకేలా ఉన్నదాన్ని తోసేసే శక్తి) 100 డెసిబెల్‌లు, అంటే అందులో లక్షో వంతే మిగులుతుంది. శరీరం మీద 100 మిల్లీవోల్టుల 50 హెర్ట్జ్ ఉన్నా 1 మైక్రోవోల్టే మిగలాలి. కానీ ఆ లక్ష వంతు రెండు ఎలక్ట్రోడ్ల ఇంపిడెన్స్ ఒకటే అయినప్పటి మాట. ఒకటి సరిగ్గా అంటక రెండోదానికంటే 20 కిలోఓమ్‌లు ఎక్కువుందనుకోండి. కేబుల్ కెపాసిటెన్స్ 100 పికోఫారడ్‌లైతే 50 హెర్ట్జ్ దగ్గర అది 32 మెగాఓమ్‌లు. 20 కిలో బై 32 మెగా, అంటే 1,600 వంతు. లక్ష వంతు కాస్తా 1,600 వంతైపోయింది. 100 మిల్లీవోల్టుల్లో 62 మైక్రోవోల్టులు నిజమైన సిగ్నల్‌లాగే లోపలికొస్తాయి, నాలుగు డిగ్రీల చూపుతో సమానం. చిప్ మార్చినా, ఫిల్టర్ మార్చినా ఇది పోదు.

అందుకని చేయాల్సినవి రెండు: చర్మం సరిగ్గా సిద్ధం చేయడం, శరీరం మీది హమ్మునే తగ్గించడం.

రెండోదానికి డ్రైవెన్ ఎలక్ట్రోడ్ (శరీరం మీది హమ్ముని తిరగేసి శరీరానికే పంపి తగ్గించేది) కడతారు, ఈసీజీలో కుడికాలికి పెట్టేదే. మనకి అది నుదుటి మధ్యలో. ఆర్‌జీ రెండు 2.7 కిలోఓమ్‌ల మధ్య బిందువుని టీఎల్072 (రెండు ఆప్-ఆంప్‌లున్న చిప్)లో ఒక సగంతో బఫర్ చేసి, రెండో సగంతో తిరగేసి 39 రెట్లు చేయండి. ఇన్‌పుట్ 10 కిలోఓమ్‌లు, ఫీడ్‌బ్యాక్ 390 కిలోఓమ్‌లు, దాని మీద 1 నానోఫారడ్. అవుట్‌పుట్‌ని 390 కిలోఓమ్‌ల రెసిస్టర్ గుండా నుదుటి ఎలక్ట్రోడ్‌కి పంపండి. ఆ రెసిస్టర్ ఎట్టి పరిస్థితిలోనూ తీసేయకండి, ఏం జరిగినా కరెంటుని 23 మైక్రోఆంప్‌ల దగ్గర ఆపేది అదే. హమ్ము తగ్గకపోగా సన్నటి ఈల లాంటి ఆసిలేషన్ వస్తే 1 నానోఫారడ్‌ని 4.7కి పెంచండి. నిలువు కదలికల కోసం రెండో ఏడీ620 పెట్టినా ఈ ఎలక్ట్రోడ్ ఒక్కటే చాలు.

వైర్లు రెండూ ఒకే పొడవుండాలి, జడలా అల్లాలి, మీటరుకి మించకూడదు. ఫ్యాన్ రెగ్యులేటర్ పక్కన, ఇన్వర్టర్ పక్కన కూర్చుని పరీక్షించకండి. కరెంటు పోయి చవకరకం ఇన్వర్టర్ మీద ఇల్లు నడుస్తున్నప్పుడు చతురస్రపు అలలు వస్తాయి. 150, 250 హెర్ట్జ్ కూడా గ్రాఫ్‌లోకి దూరతాయి. నాచ్ ఫిల్టర్ (ఒక్క 50 హెర్ట్జ్‌నే కోసేది) గురించి అడిగారు. దాన్ని ట్విన్-టీ సర్క్యూట్‌తో కడితే 1 శాతం కెపాసిటర్లు లేకుండా గుంట 50 దగ్గర పడదు, 47 దగ్గరో 53 దగ్గరో పడుతుంది. దాని పని సాఫ్ట్‌వేర్‌లో ఉచితంగా అవుతుంది, కింద రాశాను.

ప్రాణానికి సంబంధించిన విషయం: ఎలక్ట్రోడ్లు మొహం మీద ఉన్నంతసేపూ గోడ ప్లగ్గుకి కలిసిన ఏ వస్తువూ ఈ సర్క్యూట్‌ని తాకకూడదు. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేయాలి. ల్యాబ్‌లో ఆసిలోస్కోప్ ప్రోబ్ తగిలించి చూడాలనిపిస్తుంది, వద్దు. దాని గ్రౌండ్ క్లిప్ నేరుగా మెయిన్స్ ఎర్త్. ఛార్జింగ్‌లో ఉంచి వాడక తప్పదంటే ఏడీయూఎమ్4160 ఉన్న యూఎస్‌బీ ఐసోలేటర్ గానీ, హెచ్‌సీ-05 బ్లూటూత్ గానీ పెట్టండి. వీల్‌చెయిర్ మోటార్లకి వేరే బ్యాటరీ, మధ్యలో బ్లూటూత్ లేదా ఆప్టోకప్లర్ ఉండాలి. మోటార్ పీడబ్ల్యూఎమ్ (వేగం మార్చడానికి ఇచ్చే ఆన్-ఆఫ్ పల్సులు) ఈ బోర్డు గ్రౌండ్‌లోకి వస్తే ఏ ఫిల్టరూ కాపాడదు. కుర్చీలో మనిషిని కూర్చోబెట్టే ముందు చేతికందే స్టాప్ స్విచ్ ఒకటి మోటార్ పవర్‌ని నేరుగా కోసేలా పెట్టండి.

ఎలక్ట్రోడ్లు మందుల షాపుల్లో, సర్జికల్స్‌లో దొరికే వాడి పారేసే ఈసీజీవే. ఫోమ్ అంచుని కత్తెరతో చిన్నది చేయండి, మధ్య జెల్ జోలికి పోవద్దు. కంటి బయటి మూల నుంచి సెంటీమీటరు అవతల, రెండు పక్కలా ఒకే ఎత్తులో అతికించండి. ముందు మొహం సబ్బుతో కడిగించాలి. పౌడరు, కాటుక, పసుపు, కొబ్బరినూనె, సన్‌స్క్రీన్ ఏది మిగిలినా ఇంపిడెన్స్ పదింతలు కూడా అవుతుంది. తర్వాత తడి గాజుగుడ్డతో ఆ చోటు మాత్రం నాలుగైదుసార్లు రుద్ది ఆరనివ్వండి. కంటి పక్కన స్పిరిట్ వాడకండి. అతికించాక పది నిమిషాలు ఆగాలి. జెల్ చర్మంలోకి ఇంకుతున్నంతసేపు బేస్‌లైన్ ఒకవైపే జారుతూ ఉంటుంది. ఎండాకాలంలో ఏసీ లేని గదిలో చెమట వల్ల కూడా ఇదే జారుడు, అది ఎంతసేపు ఆగినా తగ్గదు.

నిలువు ఛానల్‌కి ఒకే కంటికి కనుబొమ పైన ఒకటి, కింది రెప్పకి సెంటీమీటరున్నర కింద ఒకటి. ఇందులో రెప్పపాటు పెద్దగా కనిపిస్తుంది, రెప్ప కార్నియా మీదుగా జారడం వల్ల పైకి చూసినట్టే శిఖరం లేస్తుంది. తేడా వెడల్పులో ఉంది. రెప్పపాటు 0.1 నుంచి 0.4 సెకనులో లేచి పడిపోతుంది, పైచూపు నిలబడుతుంది. అందుకే పైచూపుని కమాండ్‌గా తీసుకునే ముందు అర సెకను ఆగి, విలువ ఇంకా అక్కడే ఉందా అని చూడాలి.

సాఫ్ట్‌వేర్‌కి వస్తే, శాంప్లింగ్ సెకనుకి సరిగ్గా 200 పెట్టండి, టైమర్ ఇంటరప్ట్‌తో. డిలే ఫంక్షన్‌తో చేస్తే వ్యవధి ఊగుతుంది. వరసగా నాలుగు శాంపిళ్ల సగటు తీయండి. నాలుగు శాంపిళ్లు అంటే 20 మిల్లీసెకన్లు, 50 హెర్ట్జ్‌కి సరిగ్గా ఒక పూర్తి చక్రం, సగటు సున్నా. 100 హెర్ట్జ్ కూడా పోతుంది. ఒక్క లైను కోడ్. అమెరికా వెబ్‌సైట్ల నుంచి తెచ్చిన కోడ్‌లో ఈ సంఖ్యలు 60 హెర్ట్జ్‌కి ఉంటాయి, చూసుకోండి.

0.05 హెర్ట్జ్ పెట్టినా పక్కకి చూసి సెకను ఆగితే సిగ్నల్‌లో 26 శాతం కరిగిపోతుంది. దాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. 2.5 వోల్టుల మధ్య విలువ తీసేశాక ప్రతి శాంపిల్‌నీ 660తో భాగించి ఒక మొత్తంలో కలుపుతూ పోండి. 660 అంటే 3.3 సెకన్లలో వచ్చే శాంపిళ్లు. ఆ మొత్తాన్ని ప్రస్తుత విలువకి కలిపితే మెట్టు మళ్లీ మెట్టుగా నిలబడుతుంది. చిన్న ఆఫ్‌సెట్ ఉన్నా ఈ మొత్తం మెల్లగా పారిపోతుంది కాబట్టి, మనిషి ఎదురుగా చూస్తున్నాడని తెలిసిన ప్రతిసారీ దాన్ని సున్నా చేయాలి. ఇదంతా వద్దనుకుంటే, బడ్జెట్ ఉంటే, ఏడీఎస్1292 లాంటి 24 బిట్‌ల చిప్ తీసుకోండి. రెండు ఛానళ్లుంటాయి, గెయిన్ 6 పెడితే ఎలక్ట్రోడ్ డీసీ మొత్తం లోపల ఇముడుతుంది, అనలాగ్ హై-పాస్ అసలు అక్కర్లేదు.

కట్టగానే మొహానికి అతికించకండి. ముందు రెండు ఇన్‌పుట్‌లూ గ్రౌండ్‌కి షార్ట్ చేయండి. గీత అడ్డంగా, తిన్నగా 2.5 దగ్గర ఉండాలి. తర్వాత 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌కి 1 మెగాఓమ్, 220 ఓమ్‌లు సిరీస్‌లో కట్టి, 220 ఓమ్‌ల మీది 330 మైక్రోవోల్టుల్ని ఇన్‌పుట్‌కి ఇవ్వండి, సెల్ ఒక కొస గ్రౌండ్‌కి. 22 డిగ్రీల చూపుతో సమానమైన సిగ్నల్ అది. అవుట్‌పుట్ 0.6 వోల్టు లేచి, 3.3 సెకన్లలో 0.22కి దిగాలి. అంతకంటే త్వరగా దిగితే కెపాసిటర్ లీక్ అవుతోంది, లేదా రెసిస్టర్ విలువ తప్పు. 0.6 అసలు రాకపోతే గెయిన్ రెసిస్టర్లు చూడండి.

మనిషి మీద పెట్టాక క్యాలిబ్రేషన్: 60 సెంటీమీటర్ల దూరంలో గోడ మీద మధ్యన ఒక చుక్క, దానికి 22 సెంటీమీటర్లు అటూ ఇటూ రెండు చుక్కలు. అవి 20 డిగ్రీలు. తల కదలకుండా మధ్య, కుడి, మధ్య, ఎడమ అని ఐదు విడతలు చూపించి సగటు తీసుకోండి. కమాండ్ హద్దుని అందులో సగానికి, అంటే 10 డిగ్రీల దగ్గర పెట్టండి. ఈ పద్ధతితో చూపు స్థానం ఒకటి, రెండు డిగ్రీల కంటే కచ్చితంగా రాదు, వీల్‌చెయిర్‌కి అది చాలు. గది వెలుతురు మారితే కంటి వోల్టేజీయే మారుతుంది. చీకట్లోకి వెళ్లిన పది, పన్నెండు నిమిషాల్లో అది బాగా పడి, వెలుగులోకి వస్తే మళ్లీ అంతే సమయంలో పెరుగుతుంది, ఆరోగ్యంగా ఉన్న కంటిలో దాదాపు రెట్టింపు దాకా. కాబట్టి లైటు మార్చాక, బయటి నుంచి లోపలికి వచ్చాక పావుగంట ఆగి క్యాలిబ్రేషన్ మళ్లీ చేయండి. పొద్దున తీసిన సంఖ్యల్ని సాయంత్రం డెమోకి వాడొద్దు.

ఇవన్నీ చేశాక కూడా హమ్ము మిగిలితే మూడు సంగతులు కొలిచి ఇక్కడే రాయండి: ఇన్‌పుట్‌లు షార్ట్ చేసినప్పుడు 50 హెర్ట్జ్ ఎంత, మనిషి మీద పెట్టినప్పుడు ఎంత, నుదుటి ఎలక్ట్రోడ్ పీకినప్పుడు ఎంత. మొదటిది పెద్దదైతే తప్పు బోర్డు వైరింగ్‌లో ఉంది. రెండోదీ మూడోదీ ఒకేలా ఉంటే నుదుటి ఎలక్ట్రోడ్ సర్క్యూట్ పనిచేయడం లేదు.